ఏడో బిళ్ళ

దయ్యాలంటే నాకు భయం కాదు, ఒళ్లుమంట. మంచిర్యాలలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. పెళ్లయి శ్రీరాంపూర్ క్వార్టర్లకు వచ్చిన కొత్తలో, బొగ్గుబాయిలో పోయినవాళ్లు చీకట్లో బీడీ అడుగుతారని పక్కింటావిడ చెబితే, "బతికినోళ్లకే దొరుకుతలేవు, వాళ్లకెక్కడియి" అని నోరు మూయించాను. నా నోటి సంగతి మా వాడలో అందరికీ తెలుసు. ఇది చదివి నవ్వేవాళ్లు నవ్వచ్చు. వేరేవాళ్లు చెప్తే నేనూ నవ్వేదాన్నే.

మా మామ మల్లయ్య బాయిలో పనిచేసి రిటైరయ్యాడు. ఆయనకు కాశీ కోరిక. రైల్లో కాదు, ఇంటిల్లిపాదీ ఒకే బండిలో, ఆదిలాబాద్, నాగపూర్ మీదుగా, దారిలో ఆగి వండుకు తింటూ పోవాలట. నా భర్త రాజేందర్‌కు పెద్ద బండి పిచ్చి. తండ్రి కోరిక, కొడుకు పిచ్చి ఒకచోట కలిశాక నా మాట ఎవరు వింటారు?

కరీంనగర్‌లో పాత బండ్లు అమ్మే ఒకతని దగ్గర నల్లటి ఎస్‌యూవీ దొరికింది. మూడు వరుసల సీట్లు, ఎత్తుగా, ఏనుగంత ఉంది. అన్ని సీట్ల కవర్లూ మాసిపోయి ఉంటే, వెనక వరుసవి మాత్రం కొత్తవి. ఎడమవైపు వెనక అద్దం కూడా కొత్తదే. ఎందుకని అడిగాను.

"పిల్లలు బాల్ తోటి కొట్టిండ్రు మేడం. ఫికర్ చేయకుండ్రి, ఒక్కటే చెయ్యి మారిన బండి" అన్నాడు. మెకానిక్ చూసి ఇంజన్ బాగుందన్నాడు. కొనేశాం.

అక్కడినుంచే పూజకని వేములవాడ తీసుకుపోయాం. రాజన్నకు కోడె కట్టడం మా వైపు మొక్కు. భక్తులు కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేస్తారు. పొద్దంతా జనం మధ్య తిరిగే పశువులవి, పసిపిల్లలు తోక లాగినా పలకవు. మేం టైర్ల కింద నిమ్మకాయలు పెడుతుంటే ఎవరో ఒక కోడెను మా పక్కనుంచి తోలుకుపోతున్నారు. అది ఆగింది. పగ్గం తెంపుకుని వచ్చి బండి వెనక ఎడమ భాగాన్ని పొడవడం మొదలుపెట్టింది. నలుగురు మగవాళ్లు పట్టుకున్నా ఆగలేదు. రేకు సొట్టపోయింది, కొమ్ము విరిగింది, మొహం నిండా రక్తం. అయినా పొడుస్తూనే ఉంది. చివరికి తాళ్లేసి పడగొట్టారు.

అత్తమ్మ ఏడుపు మొహం పెట్టింది. "గీ బండి మనకద్దు బిడ్డా."

"నల్ల రంగు అద్దం లెక్క మెరుస్తది అత్తమ్మా. దాని నీడను అదే చూసుకొని పొడిచింది" అన్నాను. ఆ మాట నేను నిజంగానే నమ్మాను.

ఎండాకాలం సెలవుల్లో బయల్దేరాం. రాజేందర్ స్టీరింగ్ దగ్గర, పక్కన మామ. మధ్య వరుసలో రాజేందర్ వెనక నేను, నడుమ మా పన్నెండేళ్ల వెన్నెల, అటువైపు అత్తమ్మ. వెనక వరుసలో కుడివైపు సీటు నిండా సామాను.

ఇక్కడ మామ చేసిన ఒక పని చెప్పాలి. ఆయన పనిచేసిన కాలంలో బాయిలోకి దిగే ప్రతివాడికీ ఒక ఇత్తడి బిళ్ళ ఉండేదట. దిగేటప్పుడు తీసుకుపోవాలి, పైకొచ్చాక కొక్కేనికి తగిలించాలి. డ్యూటీ అయ్యాక కొక్కెం ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. ఆ అలవాటు ఆయన్ను వదల్లేదు. చిన్న చెక్కపలకకు ఏడు కొక్కేలు కొట్టి, ఏడు సీట్లకు ఏడు బిళ్ళలు వేలాడదీసి తెచ్చాడు. బండెక్కితే బిళ్ళ తీసుకోవాలి, దిగితే తగిలించాలి. మేం ఐదుగురం కాబట్టి రెండు ఎప్పుడూ పలకమీదే ఉంటాయి.

"ఎక్కినోళ్లందరు దిగాలె. గంతే నా కోరిక. కాశీ తర్వాత సంగతి" అన్నాడు.

వెన్నెలకు అదో ఆట. నాకు నవ్వులాట.

నిర్మల్‌లో టిఫిన్‌కు ఆగాం. ఐదుగురం దిగి ఐదు బిళ్ళలూ తగిలించాం. అయినా ఒక కొక్కెం ఖాళీగా ఉంది. మామ వేలితో ఒక్కొక్కటీ ముట్టుకుంటూ మళ్లీ లెక్కపెట్టాడు. ఆరే ఉన్నాయి. ఆయన బండి దగ్గరికి పోయి వెనక సీటులోకి చాలాసేపు చూశాడు.

"ఎవలో దిగలే" అన్నాడు.

నాకు తిక్కరేగింది. "బిళ్ళ పోతే మనిషి ఉన్నట్టేనా మామా? పిల్లను భయపెట్టకుండ్రి." సీట్ల కిందంతా నేనే వెతికాను. దొరకలేదు. ఎక్కడో పడిపోయుంటుందని రాజేందర్ అన్నాడు. ఇడ్లీ తిని బయల్దేరాం.

నిర్మల్ దాటాక ఘాట్ రోడ్డు. మిట్టమధ్యాహ్నం కాకముందే ఎండ మండిపోతోంది. రెండు మలుపులు తిరిగామో లేదో వెనకనుంచి దబ్‌మని శబ్దం. సామాను కదిలిందనుకున్నాను. మళ్లీ వచ్చింది. అది డబ్బాల చప్పుడు కాదు. మనిషి ఒంటిమీద పడే దెబ్బ ఎలా ఉంటుందో వినకపోయినా తెలిసిపోతుంది. చెంపదెబ్బ, పిడిగుద్దు, ఆ తర్వాత ఎవరో నోరు నొక్కేస్తే ముక్కుతో ఏడ్చినట్టు ఒక ఆడగొంతు. వెన్నెల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అత్తమ్మ రాజన్నా, రాజన్నా అంటోంది. వెనక్కి తిరిగి చూశాను. కట్టిన సామాను కట్టినట్టే ఉంది. ఖాళీగా ఉన్న ఎడమ సీటు కొత్త కవరు మాత్రం దెబ్బ దెబ్బకూ లోపలికి సొట్టపడి మళ్లీ లేస్తోంది.

"బండి ఆపు!" అని అరిచాను.

రాజేందర్ బ్రేకు తొక్కేలోపు అతని తల వెనక జుట్టు పైకి లేచింది. పిడికిట్లో పట్టి లాగినట్టు లేచింది. తల పక్క అద్దానికి కొట్టుకుంది. వెనక్కి పోయి మళ్లీ కొట్టుకుంది. మూడోసారికి అద్దం పగిలి రక్తం కారింది. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాను. అక్కడ ఏ చెయ్యీ లేదు.

మలుపులో చెడిపోయి ఆగిన వెదురు లారీ ఒకటి ఉంది. మామ స్టీరింగ్ పట్టుకుని లాగాడు కానీ చాలలేదు. గుద్దేశాం.

వెదురు బొంగులు ముందు అద్దాన్ని చీల్చుకుని మామకూ రాజేందర్‌కూ మధ్యనుంచి లోపలికొచ్చాయి. కళ్లలో గాజుపెళ్లలు, ఏమీ కనపడటం లేదు. వెన్నెల కోసం పక్కకు చెయ్యి పెట్టాను. నా బిడ్డ కూర్చున్నచోట సీటులోకి దిగబడిన వెదురు బొంగు తగిలింది. ఆ క్షణం పగవాళ్లకు కూడా రాకూడదు.

ఎలా దిగామో తెలియదు. రాజేందర్‌ను లారీ డ్రైవర్ బయటికి ఈడ్చాడు. మామ నుదుటి నుంచి రక్తం కారుతుంటే, ఆ పలక చేత్తో పట్టుకుని, "బిడ్డ దిగలే, బిడ్డ లోపలున్నది" అని అరుస్తున్నాడు. అప్పుడు చూశాను. వెన్నెల వెనక వరుసలో, ఎడమ మూలన, కింద ముడుచుకుని ఉంది. అక్కడికెలా పోయిందో తెలియదు. మధ్య సీట్ల దగ్గర వెదురు అడ్డం, వెనక తలుపు తెరుచుకోవడం లేదు. లోపల దెబ్బలు ఆగలేదు. ఇంజన్ ఆగిపోయిన బండి, దెబ్బ దెబ్బకూ ఊగుతోంది. ఆ కొత్త అద్దం మీద లోపలివైపు నుంచి రక్తం చిమ్మింది. నా బిడ్డ రక్తమే అనుకున్నాను. రాయి తీసుకుని అద్దాన్ని కొట్టాను, గోళ్లతో రక్కాను, పిచ్చిదానిలా తిట్టాను. లారీ డ్రైవర్ ఇనుప రాడ్డుతో కొట్టినా అది పగల్లేదు.

మామ నన్ను పక్కకు జరిపాడు. అద్దం మీద అరచెయ్యి ఆనించాడు.

"అమ్మా, నువ్వెవల బిడ్డవో నాకెర్క లేదు. డ్యూటీ అయిపోయింది తల్లీ. ఇగ లోపలుండుడు చాలు. ఇద్దరు బయటికి రాండ్రి" అన్నాడు.

దెబ్బలు ఆగిపోయాయి. వెనక తలుపు గొళ్లెం దానంతటదే వీడింది.

వెన్నెల పాకుతూ వచ్చింది. ఒంటిమీద ఒక్క గీత లేదు, చేతిమీద గట్టిగా పట్టుకున్న ఐదు వేళ్ల గుర్తులు తప్ప. పిడికిలి బిగించి ఉంది. విప్పితే రెండు బిళ్ళలున్నాయి.

"ఒకటి నాది తాతా. ఇంకోటి అక్కది. తనది గూడ తగిలియ్యమన్నది" అంది. వెనక సీటు వైపు చూపిస్తూ, "నన్ను ఎనుకకు గుంజి నా మీద అడ్డంగ పన్నది. దెబ్బలన్ని ఆమెకే పడ్డయ్" అంది.

మామ మా నలుగురి బిళ్ళలతోపాటు ఆ రెండూ తగిలించాడు. పలక నిండింది. ఆయన రోడ్డుమీదే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

నాకు తెలిసినవి ఇవీ. అద్దం మీది రక్తాన్ని లారీ డ్రైవర్ కూడా చూశాడు. క్రేన్ వచ్చేసరికి అద్దం శుభ్రంగా ఉంది. బండి అమ్మినతను మా ఫోన్ ఎత్తడం మానేశాడు. పాత యజమాని ఇల్లు మారిపోయాడు. పోలీసులను అడిగితే ఆ నంబరు మీద కేసేమీ లేదన్నారు. ఆ బండిలో ఎవరిని కొట్టారో, ఎవరు కొట్టారో, ఇప్పటికీ తెలియదు. బాగుచేయిస్తామంటే మామ ఒప్పుకోలేదు. తుక్కుకు ఇచ్చి, ముక్కలు చేసేదాకా అక్కడే నిలబడ్డాడు.

రాజేందర్ తలకు కుట్లు పడ్డాయి. ఆస్పత్రిలో కళ్లు తెరవగానే, "నా జుట్టెందుకు పట్టినవ్?" అని నన్నడిగాడు. వెనక కూర్చున్నది నేనే కదా. కాదని ఒట్టేశాను. నమ్మానంటాడు. కానీ నేను వెనకనుంచి వస్తే ఇప్పటికీ ఉలిక్కిపడతాడు.

కాశీకి రైల్లోనే పోయాం. అక్కడ ఆ అమ్మాయికి పిండం పెట్టేటప్పుడు పంతులు పేరు, గోత్రం అడిగితే మామ, "ఎర్క లేదు. నా బిడ్డె అని రాసుకో" అన్నాడు.

జుట్టు ఎలా లేచింది, బెల్టు పెట్టుకున్న పిల్ల వెనక్కి ఎలా పోయింది, నేను మూలమూలా వెతికిన బిళ్ళ ఎక్కడినుంచి వచ్చింది? క్లాసులో ఏదడిగినా జవాబు చెప్పే నేను, వీటికి చెప్పలేను. పలక ఇప్పుడు మా తలుపు పక్కన ఉంది. వెన్నెల ఏ బండి ఎక్కినా ముందు వెనక సీటు వైపు చూసి, "అక్క దిగింది కదమ్మా?" అంటుంది.

"దిగింది బిడ్డా" అంటాను. ఫిజిక్స్ చెప్పే ఈ నోటితోనే.