మా వదినది ఓపిక కాదు

మా వదిన పోయిందన్న కబురు నాకు బడిలో, పిల్లలకు పాఠం చెబుతుండగా తెలిసింది. ప్యూన్ వచ్చి ఫోనుందన్నాడు. ఆఫీసు గదిలోకి వెళ్లి రిసీవర్ అందుకుంటే అవతల మా అన్న. "చెల్లె, మీ వదిన లేదు" అన్నాడు. పొద్దున చాయ్ తాగి, ఛాతీ పట్టేసినట్టుందని మంచం మీద ఒరిగిందట. పటాన్‌చెరు ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. యాభై ఏళ్లు కూడా రాలేదు ఆమెకు.

నేను సంగారెడ్డి నుంచి చిట్కుల్ చేరేసరికి వాకిలి నిండా మనుషులు. ఏడుపుల మధ్య అందరిదీ ఒకటే మాట. "ఎంత ఓపిక! ఒక్కనాడు నోరు తెరిచి అయ్యో అనలె." "అంతమందికి చేసింది, మొఖం చిట్లించలె." పెద్దదినానికి ఫ్లెక్సీ కొట్టించుకొస్తానని, ఫోటో కింద 'సహనమూర్తి' అని రాయిద్దామని మా చిన్నాయన కొడుకు అడిగాడు. అన్న తల ఎత్తకుండానే అన్నాడు.

"గది రాయొద్దు. పేరు రాయి, సాలు."

నాకూ ఒళ్లు మండింది. అందుకే ఇది రాస్తున్నాను. మా వదినను మీరు చూసి ఉండరు. చూసినవాళ్లేమో తప్పు చెబుతున్నారు. ఆమె నెత్తిన మేమంతా కలిసి పెట్టిన బరువుకు మేమే పెట్టుకున్న మంచి పేరు ఓపిక. అది ఒకనాడు అయిపోయింది. మా ఇంట్లో జరిగిన మంచి ఏదైనా ఉంటే, అది అయిపోయిన తర్వాతే జరిగింది.

ఎనభైల మొదట్లో ఆమె మా ఇంటికి కోడలిగా వచ్చింది. నేనప్పుడు పలకా బలపం పట్టుకుని తిరిగే పిల్లను. నాయన పొలం చూసుకునేవాడు. అన్న ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ ఆపరేటర్, వారానికో షిఫ్టు. ఇద్దరు పిల్లలు పుట్టి బడికి పోయే ఈడు వచ్చాక వదిన కూడా మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి చేరింది. ఇస్నాపూర్ చౌరస్తాలో కంపెనీ బస్సు ఎక్కేది.

ఎంత పని చేసేదో చెప్పను. ఆ రోజుల్లో మా చుట్టుపక్కల ప్రతి ఇంట్లో ఆడమనిషి అంత పనీ చేసింది. నేను చెప్పేది ఆమె తలలో ఉన్నదాని గురించి. నల్లా ఏ పూట వస్తుంది, ఈ వారం అన్నకు ఏ షిఫ్టు, దాన్నిబట్టి బువ్వ ఎప్పుడు వండాలి, షుగరున్న మా అమ్మకు గోలీలు ఎన్నాళ్లు వస్తాయి, గ్యాస్ బండ ఎప్పుడు అయిపోతుంది, పెద్దోడికి శనివారం తెల్ల బూట్లు ఉతికి ఆరేయాలి, చిన్నదానికి సూదిమందు ఎప్పుడు వేయించాలి, పెళ్లికి పోతున్న ఇంటివాళ్లు మునుపు మనకు ఏం చీర పెట్టారు. ఇవన్నీ ఎవరి తలలోనో ఉండాలి కదా. అన్నీ ఆమె తలలోనే ఉండేవి. మేం అడిగేవాళ్లం, అంతే.

"నా తువ్వాల యాడుంది?"

"వదినా, నా బస్ పాస్ సూసినవా?"

పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండానే చెప్పేది. తలుపెనక. బియ్యం డబ్బా మీద. అదేదో ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య అనుకున్నాం. ఒకసారి నాకు జడ వేస్తూ అంది. "పని చేస్తె రెక్కలు నొస్తయి పిల్లా. పండుకుంటె పోతది. యాదికి పెట్టుకునుడు గట్ల గాదు. పండుకున్నా పోదు." నేను నవ్వి ఊరుకున్నాను. పండుకున్నా పోని నొప్పి ఏమిటో నాకేం తెలుసు!

నేను పటాన్‌చెరులో డిగ్రీ చదువుతున్నప్పటి మాట. ఒక రోజు కంపెనీలో, గోలీల పట్టీలు డబ్బాల్లో సర్దుతూ సర్దుతూ వదిన ఆగిపోయింది. ముందు సరుకు కుప్ప పడుతున్నా చేతులు కదపలేదు. సూపర్‌వైజర్ వచ్చి అరిస్తే, "ఇంటికాడ ఏందో మర్సిన సార్, ఏందో యాదికొస్తలేదు" అని అదే మాట మళ్లీ మళ్లీ అందట. పని మీద ధ్యాస లేదని మెమో రాసిచ్చి ఇంటికి పొమ్మన్నాడు ఆ మహానుభావుడు. ధ్యాస లేదట! ఇంటిల్లిపాది ధ్యాస ఒక్కతే మోస్తున్న మనిషికి.

కంపెనీ బస్సు వేళ కాలేదు. ఆమె పటాన్‌చెరు బస్టాండుకు వచ్చి బెంచీ మీద కూర్చుంది. మా వైపు బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ఎక్కలేదు. సాయంత్రం కాలేజీ నుంచి వస్తూ నేనే చూశాను. "వదినా, గిట్ల కూసున్నవేంది? లే, ఇంటికి పోదాం" అన్నాను. నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "ఇంటికి పోతె అందరు అడుగుతరు పిల్లా. జెరసేపు కూసోనియ్యి."

కూర్చున్నాం. ఆ బస్టాండు రొదలో, డీజిల్ పొగలో ఆమెకు కాస్త ఊపిరి ఆడింది. సొంత ఇంట్లో ఆడనిది!

డాక్టరు చూసి, రోగమేం లేదు, టెన్షన్ తగ్గించుకో అన్నాడు. రెండు రకాల గోలీలు రాసిచ్చాడు. అవి వేళకు వేసుకోవాలని గుర్తు పెట్టుకునే పని కూడా ఆమెకే పడింది.

ఇంట్లో అమ్మ చేతులు తిప్పింది. "మేం చెయ్యలేదా సంసారం? బాయికాడికెళ్లి నీళ్లు మోసినం. మాకెన్నడు రాలె ఈ టెన్షన్లు." అన్న చెడ్డవాడు కాదు, నొచ్చుకున్నాడు. "ఏం పనున్నా నాకు చెప్పు, చేస్త. నువ్వు చెప్పకుంటె నాకెట్ల తెలుస్తది?" అన్నాడు.

"గా చెప్పుడే నా పానం తీస్తున్నది" అంది వదిన. గొంతు పెంచలేదు. "బాయిలర్ల నీళ్లు తగ్గినయని నీకెవరన్న వచ్చి చెప్తరా?"

"ఎవరు చెప్తరు? నేనే సూస్కోవాలె. సూడకుంటె పేల్తది."

"మరి గీ ఇల్లెవరిది?"

అన్న తువ్వాల భుజాన వేసుకుని వాకిట్లోకి నడిచాడు.

మర్నాడు పొద్దున వదిన చాయ్ గ్లాసుతో గడప మీద కూర్చుంది. తువ్వాల ఎక్కడుందని అన్న అడిగితే "నాకు తెల్వదు" అంది. చిన్నదాని రిబ్బను, నాయన చెప్పులు, నా పాసు, దేనికైనా అదే జవాబు. కోపంగా కాదు, నిజంగానే తెలియనట్టు. కోడలికి గాలి సోకిందని అమ్మ తాయెత్తు కట్టిస్తానంది. వదిన కట్టించుకోలేదు. కొన్నాళ్లకు అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. అత్తమ్మ మందులు, ఆసుపత్రి ఆమె కొడుకువి. నల్లా, గ్యాస్ మామయ్యవి. పిల్లల బడి సంగతి నాకు అప్పజెప్పింది. "నాకు సాయం చేసుడు గాదు. గది మీ పని. నన్ను అడగొద్దు, అయిందని నాకు చెప్పొద్దు."

మొదటిసారి గోలీలు అయిపోయినప్పుడు అన్న గొణిగాడు. "పట్టీ ఖాళీ అయింది, ఒక్క మాట చెప్పొద్దా?" వదిన కూర తరుగుతూనే ఉంది. అన్న విసురుగా స్కూటర్ తీసుకుని ఇస్నాపూర్ వెళ్లి తెచ్చాడు. ఆ రోజే, ఆమె టిఫిన్ సంచి ఉతుకుదామని తీస్తే అడుగున అమ్మ గోలీల పట్టీ ఒకటి దొరికింది.

"ఇదేంది వదినా?"

"ముసలి పానం గద పిల్లా. మీ అన్న మర్సిపోతె?" అని నా చేతిలోంచి తీసుకుంది. "ఆయనకు చెప్పకు."

బరువు దించుకునే వెసులుబాటు కూడా ఆమే ఏర్పాటు చేసుకోవాలి. అది బెడిసికొడితే ఎవరికీ ముప్పు రాకుండా కాపు కూడా ఆమే కాయాలి. చాలా నెలలు ఆ పట్టీ ఆమె సంచిలోనే తిరిగింది. ఒక ఆదివారం దాన్ని తీసి అమ్మ మందుల డబ్బాలో పడేసి, "ఇగ అక్కర్లేదు" అంది.

అక్కర్లేకుండానే పోయింది. అన్న నేర్చుకున్నాడు. అమ్మ చివరి రోజుల్లో డాక్టరు ఏదడిగినా తడుముకోకుండా చెప్పాడు. ఊళ్లో కొందరు పెండ్లాం కొంగు పట్టుకున్నాడని నవ్వారు. ఆ నవ్విన నోళ్లే తర్వాత "దేవుడసొంటోడు, తల్లి గోలీలు తనే తెస్తడు" అని మెచ్చుకున్నాయి. అన్నేళ్లు తెచ్చిన కోడలిని అలా ఒక్కరైనా అన్నారా? ఆమెకు దక్కిన మెప్పల్లా ఓపిక. అదీ ఆమె పోయిన తర్వాత.

అన్నీ ఆమె తలలోంచి దిగిపోయాయని అబద్ధం చెప్పను. పండుగలు, పెట్టుపోతలు, చుట్టాల అలకలు చివరిదాకా ఆమెవే. ఆ బరువే ఆమె గుండెను తినేసిందా అంటే నాకు తెలియదు, డాక్టరూ చెప్పలేదు. కానీ 'నాకు తెల్వదు' అనడానికి ఆమెకు ఎంత ధైర్యం కావలసి వచ్చిందో నేను చూశాను. ఆ ధైర్యాన్ని దాచేసి, దాని మీద ఓపిక అనే దుప్పటి కప్పితే నేను ఒప్పుకోను. నిందలన్నీ పడి ఆమె సంపాదించుకున్నది అదొక్కటే.

అమ్మ పోయిన మరుసటి ఎండాకాలం సెలవులకు నేను చిట్కుల్ వెళ్లాను. డాబా మీద ఎర్ర మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. మధ్యాహ్నం రోడ్డు వైపు నుంచి ఒక్కసారిగా దుమ్ము లేచి, మబ్బు కమ్మింది. అన్న ఎవరినీ పిలవకుండా బస్తా సంచులు పట్టుకుని పైకి ఉరికాడు. వెనకే పిల్లలిద్దరూ ఉరికారు. వదిన కింద మెట్టు మీద గోడకు ఒరిగి కూర్చుని ఉంది.

"వదినా, వాన!" అన్నాను.

"కనవడ్తుంది పిల్లా" అంది, లేవకుండానే. పైన అడుగుల చప్పుడు, మిరప ఘాటుకు అన్న తుమ్ములు. పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి. ఆమె చీర కుచ్చిళ్లు కాస్త పైకి లాక్కుని, పాదాలు రెండూ సజ్జ దాటించి వానలోకి చాపింది.