చల్లని ఇస్త్రీపెట్టె

కొత్త కరెంటు మీటర్లు వస్తున్నాయన్న కబురు నాకు మొదట తెచ్చింది మా వీధి మలుపులో ఇస్త్రీబండి పెట్టుకున్న దీదీ. ఆమె ఛత్తీస్‌గఢ్ మనిషి. ఈ భిలాయిలో, ఖుర్సీపార్‌లో మా తెలుగువాళ్ల మధ్య ఇన్నేళ్లు బొగ్గుల పెట్టెతో బట్టలు రుద్దీ రుద్దీ మా భాషను కూడా తన పద్ధతిలో సాపు చేసుకుంది.

"భాభీ, మీ మీటర్ బదల్ చేసేస్తారంట. నయా వాలా వస్తాది. నువ్వు ఇంట్లో ఫ్యాన్ ఏసినా ఆపీసులో తెలిసిపోతాదంట" అని, తన పెట్టె మూత తెరిచి బొగ్గుల మీద ఊది, "నా దానికి మీటరే లేదు. ఎవరు చూస్తారో చూడనీ" అని నవ్వింది.

నేనూ నవ్వాను. మీటరు గురించి నేను నవ్వింది ఆ ఒక్క రోజే. ఆ ఒక్క రోజుకూ దేవుడికి స్తోత్రం.

మాది పైనా కిందా రెండు వాటాల ఇల్లు. రెంటికీ ఒకటే మీటరు. మా ఆయన పోయాక కింద వాటాలో అత్తగారూ నేనూ మిగిలాం. పైన మా మరిదీ అతని భార్యా ఉంటారు. మరిది భిలాయి స్టీలు ప్లాంటులో ఎలక్ట్రికల్ సెక్షన్లో చేసి రిటైరయ్యాడు.

నేను బడి గడప తొక్కలేదు. నాకు అక్షరాలు నేర్పింది అత్తగారే. పెళ్లై భిలాయి వచ్చిన కొత్తలో, మధ్యాహ్నం గిన్నెలు తోమడం అయ్యాక నన్ను పీట మీద కూర్చోబెట్టి, కీర్తనల పుస్తకం తెరిచి, నా వేలు పట్టుకుని ఒక్కో అక్షరం మీద ఆనించేది. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ చెయ్యి పెట్టిన భిక్ష. ఆమె మాత్రం అరవై ఏళ్లు ఈ ఊళ్లో ఉండి హిందీ నేర్చుకోలేదు. శ్రీకాకుళం నుంచి తెచ్చుకున్న మాటలు ఆమెకు సరిపోయాయి. కూరల బండివాడితో వేళ్లు చూపించి బేరమాడేది. కొడుకు దానికి సరిగ్గా తిరగేసి. ఇక్కడే పుట్టి హిందీ బడిలో చదివిన మా మరిదికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు.

కొత్త మీటర్లకు ఎదురు తిరిగినవాళ్లలో అతనిదే పెద్ద గొంతు. టీ కొట్టు దగ్గర నిలబడి వీధంతా వినేలా అరిచేవాడు.

"ఆపీసులో కూకోని, మనింట్లో ఎవులు ఎప్పుడు లేసేరో, ఎప్పుడు తొంగున్నారో సూత్తారట! ఇది మన ఇల్లా, ఆళ్ల సినిమాహాలా?"

అందరూ తలలూపారు. మీటరు పెట్టేవాళ్లు ఒక ఉదయం వచ్చి అరగంటలో పెట్టేసి పోయారు.

అప్పుడతను, ఆ మీటరు తప్పు తిరిగితే పట్టుకుంటానని ఇంకో డబ్బా కొనితెచ్చాడు. అరచేతిలో పట్టేంత డబ్బా. మెయిన్ బోర్డులో మా కింది వాటాకు వచ్చే వైరు చుట్టూ ఒక క్లిప్పు బిగించాడు. ఎంత కరెంటు పోతోందో అతని ఫోనులో గీత గీసి చూపిస్తుంది. పై వాటా వైరుకు కూడా క్లిప్పు ఉందా అని నేను అడగలేదు. లేదని తరవాత చూశాను.

"దొంగ మీద పోలీసుని కాపలా పెట్టీసినాను" అన్నాడు.

మీటరు ఏ దొంగతనమూ చెయ్యలేదు. రెండు వారాలకు ఆ సంగతి అతనికీ తెలిసింది. డబ్బా మాత్రం తియ్యలేదు. పోలీసు ఊరికే కూర్చోడు కదా, మమ్మల్ని చూడడం మొదలుపెట్టాడు.

ఒకరోజు టీ వేళకు మెట్లు దిగి వచ్చి, గుమ్మంలో నిలబడి ఫోను చూస్తూ అడిగాడు.

"వదినా, తెల్లారగట్ల నాలుగుకి లైటేసినావు. నాలుగూ నలభైకి తీసినావు. ఏటి సేస్తన్నావు అంతసేపు?"

"ప్రార్థన, బాబూ."

"ప్రార్థనకి లైటెందుకు? కళ్లు మూసుకోవా ఏటి?"

పైన మెట్ల దగ్గరినుంచి అతని భార్య నవ్వు వినిపించింది.

మర్నాటినుంచి చీకట్లోనే చేసుకున్నాను. చీకట్లో చదవలేను కాబట్టి నోటికొచ్చిన కీర్తనలే పాడుకునేదాన్ని, అదీ పెదాలతో. దేవుడికీ నాకూ మధ్య ఉన్న ఆ కాసేపట్లోకి అతను ఫోను పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. ఆఫీసువాళ్లు మమ్మల్ని చూశారో లేదో నాకు తెలియదు. ఒక్కరు కూడా వచ్చి మీ ఇంట్లో లైటెందుకు వెలిగిందని అడగలేదు. చూస్తారు చూస్తారని వీధిని భయపెట్టినవాడే చూశాడు. మిక్సీ ఎంతసేపు తిప్పానో చెప్పేవాడు. కూలరు ఎన్నిసార్లు వేశామో చెప్పేవాడు. ఇంటికి వచ్చినవాళ్లకు ఫోను చూపించి, "ఇదుగో, ఇప్పుడు మా వదిన ఫ్రిజ్జు తలుపు తీసి మరిచిపోనాది" అనేవాడు.

ఎండలు ముదిరాక, అంతవరకూ అతను పట్టించుకోని సంగతి ఒకటి ఫోనులో కనబడింది. రోజూ కాకపోయినా, వారంలో నాలుగైదు రోజులు పదకొండుకీ పదకొండున్నరకీ మధ్య గీత గుట్టలా లేస్తోంది. వెయ్యి వాట్ల సామాను, ఇస్త్రీపెట్టో, నీళ్ల హీటరో అయి ఉండాలన్నాడు. ఆ వేళకు నేను ఇంట్లో ఉండను. పవర్ హౌస్ బజారు దారిలో ఒక టైలరింగ్ కొట్టులో జాకెట్లు కుడతాను, పదికి వెళ్లి ఒంటిగంటకు వస్తాను. ఇంట్లో ఉండేది అత్తగారు ఒక్కతే. గోడ పట్టుకుని స్నానాలగది దాకా వెళ్లి రావడమే ఆమెకు పెద్ద ప్రయాణం. ఆమెను ఎవరూ అనుమానించలేదు.

అతను మళ్లీ గుమ్మంలో నిలబడ్డాడు. లోపల మంచం మీద తల్లి ఉంది. ఆమె వైపు చూడకుండా నాతో అన్నాడు.

"పదకొండు గంటల ఖపత్ ఎవులిదో నాను పట్టుకుంతాను. ఈ ఇంట్లో ఎవుల ఖపతూ ఈ డబ్బా దగ్గిర దాగదు."

అత్తగారు అప్పుడే చెంబెత్తి నీళ్లు తాగబోతోంది. తాగకుండానే చెంబు కింద పెట్టింది. నేను చూశాను. చూసి కూడా ఏమీ అనుకోలేదు.

ఆ రోజునుంచి ఆమె నీళ్లు తాగడం మానేసింది. మే నెలలో భిలాయి ఎండ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. నేను వెళ్తూ మంచం పక్కన పెట్టిన చెంబు, తిరిగి వచ్చేసరికి నిండుగానే ఉండేది.

"దాహం నేదే" అనేది. ఇంకా గట్టిగా అడిగితే, "మాటిమాటికీ నీళ్లు పొయ్యడానికి నానేటి, తులసి మొక్కనా?" అని వేళాకోళం చేసేది. పెదాలు పగిలాయి. మజ్జిగ ఇస్తే రెండు గుక్కలు తాగి గ్లాసు తోసేసేది. ముసలితనపు మొండితనం అనుకుని కసిరాను కూడా. ఆ కసురు ఇప్పటికీ నా గొంతులో ఉంది.

ఒకరోజు కొట్టు యజమానురాలికి ఒంట్లో బాగోక తొందరగా మూసేసింది. పదకొండు దాటిన కాసేపటికి ఇంటికి వచ్చాను.

అత్తగారు మంచం పట్టె మీద కూర్చుని, తడి దుప్పటి ఒళ్లో పరుచుకుని ఇస్త్రీ చేస్తోంది. తీగ చుట్టచుట్టుకుని నేలమీదే ఉంది. ప్లగ్గు పెట్టలేదు. చల్లని ఇస్త్రీపెట్టెను రెండు చేతులతో నొక్కిపట్టి తడి గుడ్డ మీద రుద్దుతోంది. రుద్దినచోటల్లా నీరు ఊరి మోకాళ్ల మీదినుంచి కారుతోంది. గది అంతా సబ్బు వాసన. దాని కింద ఇంకో వాసన.

నన్ను చూసి ఉలిక్కిపడింది. "ప్లగ్గెట్టలేదే" అంది మొదటి మాటగా. "నాను ప్లగ్గెట్టలేదు, సూసుకో."

"ఏటత్తా ఇది? ఏటి సేస్తన్నావు?"

"మెల్లగా మాటాడు. ఆ డబ్బా ఇంతాది."

పక్కన కూర్చుని ఇస్త్రీపెట్టె ఆమె చేతుల్లోంచి తీసుకున్నాను. అప్పుడు చెప్పింది. చలికాలం వెళ్లినప్పటినుంచీ ఆమెకు తెలియకుండానే పక్క తడిసిపోతోంది. నేను కొట్టుకు వెళ్లాక దుప్పటి స్నానాలగదిలో జాడించుకుని, నేను వచ్చేలోపల ఇస్త్రీతో ఆరబెట్టి, మళ్లీ పరిచేసేది. మేడమీది తీగదాకా ఎక్కలేదు. వాకిట్లో ఆరేస్తే మెట్లు దిగే చిన్న కోడలికి కనిపిస్తుంది.

"నాతో చెప్తే నేనుతకనా?"

"మిషను తొక్కొచ్చి నా ఉచ్చగుడ్డలు ఉతుకుతావేటి? ఇన్నాళ్లూ ఎవులికీ తెలీకుండా ఎల్లిపోనాది. ఇప్పుడాడు డబ్బా ఎట్టీసినాడు. ఆడన్నమాట నువ్వూ ఇన్నావు కదే, ఈ ఇంట్లో ఎవుల కపటమూ దాగదనీసి. ఆ కపటం నాదే కదా. అందికే నీళ్లు తాగడం మానీసినాను. తాగకపోతే పక్క తడవదు. పక్క తడవకపోతే కపటం నేదు."

అతను అన్నది ఖపత్. హిందీలో ఆ మాటకు ఇంత వాడకం, ఇంత ఖర్చయింది అని అర్థం. వీధిలో మా అందరికీ తెలిసిన మాటే. అరవై ఏళ్లు హిందీ అక్కర్లేదనుకున్న మనిషి చెవిలో అది కపటమై పడింది. కొడుకు ఇంట్లో మోసం పట్టుకునే డబ్బా పెట్టాడనీ, ఆ మోసం తానేననీ అనుకుని, ఆ తల్లి నీళ్లు మానేసింది.

విడమరిచి చెప్పాను. నోరు తెరుచుకుని విన్నది.

"వాడకమా? అంతేనేటి? ఆ ముక్క తెలుగులో ఏడవొచ్చు కదా ఎదవ!"

నవ్వబోయింది. గొంతు తడారిపోయి నవ్వు రాలేదు. చెంచాతో నీళ్లు పడుతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"ఆడికి సెప్పకు. నన్ను ఉచ్చల ముసలిదని నా కొడుకు సూడకూడదు. ఒట్టెయ్యి."

మా క్రైస్తవుల్లో ఒట్లు వెయ్యకూడదు. వేశాను.

ఆ సాయంత్రానికే ఆమెకు మాట ముద్దగా వచ్చి, కళ్లు తేలిపోయాయి. మరిదే ఆటో పిలిచాడు. డాక్టరు సెలైన్ పెట్టి, మా ఇద్దరినీ చూసి, ఈవిడకు ఇంట్లో నీళ్లు ఇవ్వరా, ఇంకొంచెం ఆలస్యమైతే మనిషి దక్కేది కాదు అన్నాడు హిందీలో. మరిది నా వైపు తిరిగాడు.

"ఇన్నావా వదినా? అమ్మకి గుక్కెడు నీళ్లివ్వడానికి తీరికలేదేటి నీకు?"

మంచం మీదినుంచి అత్తగారు నన్నే చూస్తోంది. నేను ఆమె కాళ్ల మీద దుప్పటి సర్దాను.

ఇంటికి తీసుకువచ్చిన మర్నాడు భార్యను కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. అతని దగ్గర అన్నిటికీ జవాబు తయారుగా ఉంది.

"కొట్టులో జాకెట్లు తెచ్చి ఇంట్లో ఇస్త్రీ సేస్తన్నావు. అందుకే పదకొండుకి దొంగతనంగా వస్తన్నావు, మొన్న ఇది మెట్ల మీంచి సూసినాది. అమ్మ పక్కన చెంబు నింపడానికి మాత్రం టైము లేదు. అవునా, కాదా?"

"అవును బాబూ. నేనే."

అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని నాకు తెలియదు. లోపల మంచం చప్పుడైంది, అత్తగారు గోడవైపు తిరిగి పడుకుంది. కపటమంటూ ఆ ఇంట్లో నిజంగా చేసింది నేను.

"సూసినావా?" అన్నాడు భార్యతో. "మనిషి అబద్ధమాడతాది గాని డబ్బా అబద్ధమాడదు."

ఇస్త్రీపెట్టె పైకి పట్టుకుపోయాడు. సాయంత్రానికి టీ కొట్టు దగ్గర అందరికీ తెలిసింది: మా వదిన కరెంటు దొంగ, ముసలిదాన్ని నీళ్లు లేకుండా ఎండగట్టింది. ఆదివారం చర్చిలో ఒకావిడ నా భుజం మీద చెయ్యి వేసి, "సాక్ష్యం చెప్పుకుంటే బరువు దిగుతుంది సిస్టర్" అంది. ఆమెకు కూడా వందనాలే చెప్పాను. పళ్లు కరుచుకుని చెప్పాను.

ఇంక దుప్పట్లు ఆరాలి. యజమానురాలిని అడిగి పదకొండుకు కొట్టులోంచి అరగంట వచ్చేదాన్ని. మొదటిరోజు దుప్పటి ఉతికి, పిండి, సంచిలో మడిచి, పైన రెండు జాకెట్లు కప్పి మలుపులోని బండి దగ్గరికి తీసుకెళ్లాను. దీదీ సంచి విప్పింది. దుప్పటి తీసింది. ఒకసారి ముక్కు దగ్గరికి వెళ్లి వచ్చింది ఆమె చెయ్యి. నా మొహం చూసింది.

"రోజూ తే. ఇదే టైముకి తే" అంది. "నా దానికి మీటర్ లేదు, బోలీ థీ నా, చెప్పినాను కదా?"

బొగ్గులు కణకణమనేలా ఊది, దుప్పటి మీద ఆనించింది. ఆవిరి లేచింది.

అత్తగారు మళ్లీ నీళ్లు తాగింది. చెంబెత్తి, గుటకలు వినిపించేలా తాగేది. పదకొండు గంటల గుట్ట ఫోనులో మాయమైందని మరిది అందరికీ చూపించాడు, దొంగను పట్టుకున్నాననడానికి అదే రుజువన్నాడు. వానలు వెనకబట్టే రోజుల్లో ఆమె ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది, పొడి పక్క మీద.

జ్ఞాపకార్థ కూడికలో మరిది లేచి, తన తల్లికి చివరిదాకా ఏ లోటూ రానివ్వలేదని చెప్పాడు. అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేదు.

కొన్నాళ్లకు కిందికి వచ్చి నాకు ఫోను చూపించాడు. "అమ్మ పోనాక కింది ఖపత్ సూడు వదినా, సగమైపోనాది." కూలరు లేదు, ఆమె గది ఫ్యాను లేదు, గీత నేలకు అంటుకుని పోతోంది. దాన్ని చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. సంతోషమో దుఃఖమో అతని మొహం చూస్తే తెలిసేది. నేను చూడలేదు. చూడదలుచుకోలేదు.

ఇది రాస్తే ఒట్టు తప్పినట్టా అని చాలా ఆలోచించాను. ఆడికి సెప్పకు అంది అత్తగారు. అతను తెలుగు చదవలేడు, నేను ఎవరి పేరూ రాయలేదు. ఆమె నేర్పిన అక్షరాల్లోనే ఆమె మాట దాచుకుంటున్నాను.

ఇప్పుడు నాలుగింటికి లైటు వేసుకునే ప్రార్థిస్తున్నాను. చూసుకోనీ. దీదీ కోసం, కొట్టు యజమానురాలి కోసం, ఆ డాక్టరు కోసం, నా వేలు పట్టుకున్న ఆ చేతి కోసం కృతజ్ఞతలు చెల్లిస్తాను. మరిది దగ్గరికి వచ్చేసరికి నాలుక లేవదు. ఎన్నో ఉదయాలు ప్రయత్నించాను, లేవలేదు. అందుకని మీలో ప్రార్థించే అలవాటున్నవాళ్లు, నా బదులు, అతన్ని జ్ఞాపకం చేసుకోండి. పేరు అక్కర్లేదు. భిలాయిలో, తల్లి పోయాక ఫోనులో గీత చూసుకుంటూ నిలబడిపోయిన ఒక మనిషి అనుకుంటే చాలు.