తగ్గింది మామయ్యా

మొన్న ఆబిడ్స్‌లో మందుల షాపు ముందు నిలబడి ఉంటే, నా ముందున్న అమ్మాయి ఇన్‌హేలర్ కొని, అట్టపెట్టె అక్కడే పారేసి, పంపును చేతిరుమాలులో చుట్టి బ్యాగు అడుగున దాచుకుంది. ఎవరికి తెలియకూడదో నేను అడగలేదు. ఆ తొందర మాత్రం నాకు బాగా తెలుసు. పెళ్లయిన కొత్తలో పదకొండు నెలలు నేనూ అలాగే దాచాను, మా మామగారికి తెలియకుండా.

నాంపల్లి స్టేషన్ దగ్గరి గల్లీలో మాది రెండు గదుల ఇల్లు. లక్డీకాపూల్‌లో గుమాస్తాగా చేసి రిటైరైన మామగారు పుస్తకాలు చదివి హోమియో నేర్చుకున్నారు. సాయంత్రమయ్యేసరికి వరండాలో నలుగురైదుగురు చేరేవారు. ఉచితమే. "దగ్గు ఎప్పుడు ఎక్కువైతది? పొద్దుగాలనా, పండుకున్నంకనా? కలలేం వస్తయి?" అని ఒక్కొక్కరినీ అరగంట అడిగేవారు. అంతసేపు తమ గోడు విన్నవాళ్లు ఇంకెవరూ లేకపోవడంతో, సగం మందికి గోళీలు నాలుక మీద పడకముందే తగ్గిపోయేదని నా అనుమానం. ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు మందు మీద ఉండేవారు కనుక కాఫీ, పచ్చి ఉల్లిపాయ నిషేధం. కాఫీ లేని ఇంటికి కోడలినయ్యానే అన్నది నా మొదటి దిగులు. ఆయాసం తరువాతిది.

చలికాలం రాగానే అది తిరగబెట్టింది. పుట్టింట్లో ఉన్నప్పటి నుంచీ పంపు వాడేదాన్ని. మామగారు దాన్ని చూసి నొచ్చుకున్నారు. "గా పంపు అలవాటైతే ఇడువదు బిడ్డా. నా మీద భరోసా ఉంచు, ఆయాసం ఏర్లతోని తీసేస్త" అన్నారు. మావారేమో "బాపు మనసు కష్టపెట్టకు. గోళీలూ వేస్కో, చాటుగ పంపూ వాడుకో" అని దారి కనిపెట్టారు. కనిపెట్టింది ఆయన, నడవాల్సింది నేను. స్నానాల గదిలో నల్లా తిప్పి, ఆ చప్పుడులో పంపు పీల్చేదాన్ని. బయటికి రాగానే మామగారు "ఎట్లున్నది బిడ్డా?" అనేవారు. "తగ్గింది మామయ్యా." నిజంగానే తగ్గేది. ఆయన ముఖం వెలిగిపోయేది. ఆ వెలుగు చూసిన ప్రతిసారీ నిజం చెప్పడం ఇంకాస్త కష్టమయ్యేది.

ఎదురింటి టీచరమ్మకూ ఆయాసమే. "మా కోడల్ని చూడు, పంపు బంద్ చేసింది, మంచిగున్నది" అని మామగారు ఆమెకు చెప్పారు. ఆమె నా దగ్గరికే వచ్చి "నిజంగనే బంద్ చేసినవా చెల్లే?" అని అడిగింది. వరండాలో మామగారు పేపరు దించి నా వైపే చూస్తున్నారు.

"ఔ అక్కా" అన్నాను.

ఆ ఒక్క మాటతో నాకు నిద్ర కరువైంది. నిజం చెబితే పెద్దాయన గల్లీలో తలెత్తుకోలేరు. చెప్పకపోతే, నన్ను చూసి పంపు మానేసిన ఆమెకేమవుతుందో తెలియదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ రెండు వారాలు గడిపాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె మా గుమ్మంలో కూలబడింది. నోట మాట లేదు, పెదవులు నల్లబడ్డాయి. మామగారు గోళీల సీసాలు వెతుకుతున్నారు. నేను లోపలికి పరుగెత్తి, నా పంపు తెచ్చి, అందరి ముందే ఆమె నోటికి పెట్టాను. ఆటోలో దవాఖానకు చేర్చాం. గండం గడిచిందని డాక్టరు చెప్పాక, దవాఖాన వరండాలో బల్ల మీద కూర్చున్న మామగారు నా చేతిలోని పంపు వైపు చూశారు.

"గిది నీదేనా?"

"ఔ మామయ్యా. ఒక్క దినం గూడ బంద్ చెయ్యలే."

పంపు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. తరువాత మెల్లగా, "నాకు చెప్పెతందుకు గంత భయమైందా బిడ్డా?" అన్నారు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది. భయం కాదు, మీ మీద ఇష్టం అందామనుకున్నాను. నిజానికి రెండూ ఉన్నాయి.

టీచరమ్మ ఇంటికి రాగానే ఆయనే గల్లీ దాటి వెళ్లి, "తప్పు నాదమ్మా. డాక్టరు చెప్పేదాకా పంపు ఇడువకు" అని చెప్పి వచ్చారు. ఆమె ఆయన్ను క్షమించింది. నాతో మాత్రం చాలా కాలం మాట్లాడలేదు, అది న్యాయమే. జలుబులకీ నిద్రపట్టనివాళ్లకీ మామగారి గోళీలు కొనసాగాయి. ఆయాసం అంటూ ఎవరైనా వస్తే మాత్రం "ముందుగాల డాక్టరుకు చూపించుకో" అని పంపేసేవారు.

ఆయన పోయి ఆరేళ్లయింది. నిజం చెబితే తట్టుకోగల మనిషని తెలియడానికి నాకు ఒక్క మధ్యాహ్నం చాలింది. ఆ మధ్యాహ్నం దాకా రావడానికి పదకొండు నెలలు పట్టింది.