జనాన్ని గెంటేసే మా తాత వెబ్ పేజీ

ప్రపంచంలో వెబ్ పేజీలు నడిపే మొనగాళ్లలో మా తాత లుషింగేను మించినవాడు లేడు. మిగతావాళ్లు తమ పేజీ చూడండంటూ జనాన్ని బతిమాలుకుంటారు. మా తాత చూడటానికొచ్చినవాళ్లను గెంటేస్తాడు.

మ్వాంజా పట్నంలో మా రాతిగుట్ట కింద వీధి కుళాయి ఉంది. నీళ్లు రోజుకో గంట వస్తాయి. ఏ గంటో ఆ నీళ్లకే తెలియదు. అందుకని తాత బిస్కెట్టంత సర్క్యూట్ బోర్డును ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి కుళాయి స్తంభానికి కట్టాడు. గుట్ట మీద ఇళ్లలోంచి ఫోనులో దాని వైఫై పట్టుకుంటే పేజీ తెరుచుకుంటుంది. "నీళ్లొచ్చాయి", లేకపోతే "రాలేదు". అంతే.

"ఒక బొమ్మ పెట్టు తాతా, అందంగా ఉంటుంది" అన్నాను.

"బొమ్మా? దీని పొట్టెంతో చూశావా? బొమ్మ మింగిందంటే ఊపిరాడక పడిపోతుంది!"

ఆ పొట్టలో ఒకేసారి ముగ్గురికి మించి పట్టరని తాత శాసనం. డబ్బా మీద మూడు బుల్లి దీపాలు. మూడూ వెలిగాయంటే కుళాయి పక్క స్టూలు మీంచి కేకలు మొదలు.

"చూసినవాళ్లు దిగండి! ఏయ్ బుడెబా, ఒక్క మాట చదవడానికి అరగంటా? దిగు!"

దర్జీ బుడెబా గుట్ట మీంచే అరిచేవాడు. "ముప్ఫై ఏళ్లు దలదలా వ్యానులో కండక్టరువి! పద్దెనిమిది సీట్లలో నలభైమందిని కుక్కావు! నా పెళ్లినాడు నా ఒళ్లో ఎవరిదో మేకను కూర్చోబెట్టావు! ఇప్పుడు ముగ్గురికే నిండిపోయిందా పెద్దాయనా?"

"మేక నయం. చెప్పగానే దిగింది!"

పోయిన నెల మూడు రోజులు చుక్క రాలేదు. నాలుగో రోజు బుడెబా ఫోనుకు పేజీ ఎంతకీ తెరుచుకోలేదు. అతను ఖాళీ బకెట్టుతో విసవిసా దిగొచ్చి, తాత ప్రోగ్రాం రాసుకున్న నోటుబుక్కు లాక్కున్నాడు.

"చోట్లు నాలుగని రాసుంది! మూడంటావేం? నాలుగోది ఎవరికి దాచావయ్యా?"

కుళాయి దగ్గర బకెట్లతో వరుసకట్టిన ఆడవాళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు.

"ఎవరో ఉందే!"

"ఈ వయసులోనా?"

"కొత్త చొక్కా ఊరికే తొడిగాడనుకున్నావా మరి!"

తాత స్టూలు మీంచే నోటుబుక్కు కోసం చేయి చాచాడు.

అంతలో పైపు దగ్గింది. నీళ్లు! ఎవరూ కేకేయకముందే, సగం గుట్ట మీది రేకుల ఇంట్లోంచి మిందీ అవ్వ చిన్న బకెట్టు పట్టుకుని బయటికొచ్చింది, ఫోను చూసుకుంటూ. మోకాళ్లు అరిగిపోయిన మనిషి. ఆ బండలు దిగడానికే ఆమెకు అరగంట. పేజీ ఆమెకు ఒక్క పూట తెరుచుకోకపోతే, దిగొచ్చేసరికి కుళాయి ఆగిపోతుంది. ఆ రోజుకు అవ్వకు తాగడానికి కూడా ఉండవు.

బుడెబా మళ్లీ నోటుబుక్కులోకి చూశాడు. నాలుగో చోటు పక్కన తాత రాసుకున్నది ఆమె ఫోను పేరే.

బుడెబా నోటుబుక్కును మెల్లగా తాత ఒళ్లో పెట్టాడు. అవ్వ కిందికి చేరేసరికి వరుస దానంతటదే పక్కకు జరిగింది.

"ఏమిటర్రా, ఇంత మర్యాదగా ఉన్నారు? ఎవరైనా పోయారా?" అంది అవ్వ కంగారుగా.

బుడెబా ఆమె బకెట్టు నింపి, తనే మోసుకుంటూ గుట్టెక్కాడు. నేను తాత పక్కన చేరాను.

"అంత దొంగతనంగా చోటు దాచే బదులు, అవ్వకు నువ్వే నీళ్లు మోసిపెట్టొచ్చుగా తాతా?"

"అప్పుడు నా నడుం ఎవడు మోస్తాడు? నీ తాతా?"