పెద్ద చక్రం ట్యూబు

నా భార్య పోయిన తరువాత బిడ్డను నగరిలో అత్తగారి దగ్గర వదిలి, నేను కార్వేటినగరం బడిలో పంతులుగా ఒంటరిగా ఉండేవాణ్ణి. బిడ్డకు అప్పటికి మూడేళ్లు నిండలేదు. ప్రతి ఆదివారం సైకిలు తొక్కుకుంటూ పోయి చూసి వచ్చేవాణ్ణి. బొగ్గుతో నడిచే బస్సు ఒకటి ఉండేది కాని, ఏ కాస్త ఎత్తు వచ్చినా అది ఎక్కినవాళ్లను దించి తోయించుకునేది. దాన్ని నమ్ముకుంటే సోమవారం బడి మాట మరచిపోవాల్సిందే.

యుద్ధం వచ్చి రబ్బరు మాయమైంది. నా వెనక చక్రం ట్యూబుకు అతుకుల మీద అతుకులు వేయిస్తూ నెట్టుకొచ్చాను. చివరికి అది అతుక్కూ లొంగకుండా పోయింది. నెల దాటినా నగరి పోలేకపోయాను. పగలు పిల్లల గోలలో గడిచిపోయేది. సాయంత్రం ఒక్కణ్ణే వండుకు తిని, ఆ ఒక్క కంచం కడిగి బోర్లించేటప్పుడు మాత్రం గుండె చెరువయ్యేది. బిడ్డ నన్ను మరచిపోతుందేమోనని భయపడేవాణ్ణి.

పుత్తూరులో ట్యూబులు దొరుకుతాయని ఎవరో చెబితే, ఒక ఆదివారం తెల్లవారగానే సైకిలు నడిపించుకుంటూ పోయాను. అంగడాయన రెండు ట్యూబులు తెచ్చి ముందు పెట్టాడు.

"ఉండేది ఈ రెండే అయ్యోరా. ఇది మీ చక్రానికి సరిగ్గా సరిపోతాది, కానీ పాతది. ఆ కొత్తది పెద్ద చక్రానిది."

పాతదానికి గాలి కొట్టి తొట్టి నీళ్లలో ముంచాడు. ఒక అతుకు పక్క నుంచి సన్నగా బుడగలు వచ్చాయి. "ఈడ మళ్లీ అతికితే నడస్తాది" అన్నాడు.

"కొత్తదాన్ని మడిచి వేయొచ్చా?"

"శానామంది అట్నే వేయించుకుంటా ఉండారు. కొందరికి నిలస్తాది, కొందరికి నిలవదు. మీ ఇష్టం."

అతుకు అనే మాట వింటేనే నాకప్పుడు ఒళ్లు మండేది. కొత్తదే వేయమన్నాను. సుద్దపొడి చల్లి, ఎక్కువైన భాగాన్ని మడతపెట్టి టైరులో కుక్కాడు. మడత దగ్గర చక్రం ఎగిరెగిరి పడేది. ఎగిరితే ఎగిరిందిలే అనుకుని, బిడ్డకు బొరుగుల పొట్లం కొని హ్యాండిలుకు తగిలించి, నగరి వైపు హుషారుగా తొక్కాను.

సగం దారిలో ట్యూబు ఢామ్మంది. సరిగ్గా మడత దగ్గరే జానెడు చీలింది. ఎవరి మీద కోపం చూపించాలో తెలియక సైకిలునే తిట్టాను. ఇక అతుకు వేసే దారి కూడా లేదు. సైకిలును ఒక రైతు ఇంటి వసారాలో వదిలి, పొట్లం చేతపట్టుకుని ఎండలో నడిచాను.

అత్తగారింటి ముందు బిడ్డ ఖాళీ నూలుకండెలు పేర్చుకుంటూ ఆడుకుంటోంది. నన్ను చూసి లేచి నిలబడింది. నేను చేతులు చాచాను. దగ్గరికి రాలేదు.

"అవ్వా, ఎవురో వచ్చినారు" అని లోపలికి కేకేసింది.

అత్త బయటికి వచ్చింది. "ఎవురో ఏంది మే? మీ నాయన. పో, దగ్గరికి పో."

బిడ్డ ముఖం వెలిగిపోయింది. నన్ను దాటుకుని వీధిలోకి పరుగెత్తి అటూ ఇటూ చూసింది. కాసేపటికి మెల్లగా తిరిగి వచ్చి, అత్త చీర కుచ్చెళ్లు పట్టుకుని నిలబడింది.

"సైకిలు లేదు గదా అవ్వా" అంది. "నాయన కాదు."