ఆలుగడ్డల వెలుగులో అత్తమ్మ

ఆ రోజుల్లో మా సిద్దిపేటలో మబ్బు పట్టిందంటే చాలు, వాన కంటే ముందు కరెంటు పోయేది. నేనప్పుడు కొత్త కోడలిని. బీఎస్సీ చదివానన్న గర్వం పసుపుతాడు కంటే పచ్చగా మెరుస్తుండేది. అత్తమ్మ మాత్రం "తిన్నవా?", "పండుకో" అన్న రెండు మాటలు దాటేది కాదు. ఆమెతో ఎలాగైనా శభాష్ అనిపించుకోవాలని నాకు ఒకటే ఆరాటం.

ఒక మధ్యాహ్నం అలాగే ఇల్లంతా మసకైపోయి కరెంటు పోతే, "ఆలుగడ్డలతోని లైటు వెలిగిస్త, చూడు అత్తమ్మా" అనేశాను. ఆమె నన్నూ, కూరకని కడిగి పెట్టిన గడ్డలనూ మార్చి మార్చి చూసి, "గదెట్ల?" అంటూనే గిన్నె నా ముందుకు జరిపింది. ఒక్కో గడ్డకు ఒక పక్క రాగితీగ, ఇంకో పక్క జింకు పూత మేకు గుచ్చి, అన్నిటినీ వరసగా కలిపి, టార్చిలైటు బల్బు తగిలించాను. వెలగలేదు. (దానికి బస్తా గడ్డలైనా చాలవని ఆ బీఎస్సీకి తట్టలేదు.) చివరికి పాత సీరియల్ లైట్ల దండలోంచి ఒక చిన్న ఎర్ర ఎల్ఈడీ బల్బు తెంపి పెట్టి, "వెలిగింది!" అన్నాను. "ఏడ? నాకైతే కనవడ్తలేదు" అంది. నిజమే, ఆ మసకలో కూడా కనబడనంత వెలుగు! అత్తమ్మే లేచి మందపాటి చెద్దరి తెచ్చి, గడ్డలతో సహా ఇద్దరి మీదా కప్పింది.

లోపల మట్టి వాసన. గింజంత ఎర్ర చుక్క. బయట ఎక్కడో దూరంగా పడుతున్నట్టు వాన. "మా తల్లిగారింట్ల పొద్దుగూకితె మిణుగురులు గిట్లనే ఉంటుండె" అని మొదలుపెట్టి, తన చెల్లెళ్ళ గురించీ, జొన్నచేల గురించీ ఆమె మెల్లగా చెబుతూ పోయింది. నేను ఊపిరి కూడా గట్టిగా తీయలేదు.

"గీ చెద్దర్ల ఎవలున్నరు?" అని మామయ్య కేక. తీసి చూస్తే గదిలో ట్యూబులైటు ధగధగా వెలుగుతోంది, కరెంటు ఎప్పుడొచ్చిందో ఏమో!

"ఆకలైతుంది, ఆలుగడ్డ కూరేది?"

"కరెంటుకు వోయినయి" అంది అత్తమ్మ నిబ్బరంగా. "పచ్చిపులుసుతోని తినుండ్రి. నా కోడలు లైటు వెలిగిచ్చింది."

ఇప్పుడు మా ఇంట్లో ఇన్వర్టరుంది, కరెంటు పోయిన సంగతే తెలియదు. ఆ చెద్దరి కింద అత్తమ్మ నవ్వుతుంటే ముఖం చూశానని నేనంటాను. అంత చిన్న చుక్కకు ముఖం కనబడదని ఆనాటి బీఎస్సీ పిల్లయితే కొట్టిపారేసేది. పాపం, దానికేం తెలుసు? నేను చూశాను.