గొట్టంలో అగరుబత్తులు

ముందే ఒట్టు వేస్తున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. (వంటింట్లోంచి మా ఆవిడ నవ్వుతోంది, మీరు పట్టించుకోకండి.) ఆ రోజుల్లో నాకు తల నిండా జుట్టు, ఆ జుట్టు కింద ఖాళీ. కొండాపూర్‌లో ఓ చిన్న కంపెనీలో, రోడ్డు మీద తిరుగుతూనే గాలిలోని దుమ్మూ పొగా కొలిచే పెట్టె తయారుచేశాం. పైన ఒక గొట్టం. అది గాలి పీలిస్తే లోపలి మీటరు లెక్క చెబుతుంది. బాలానగర్‌లో రేకు కోయించి, కిరాయి ఆటో టాపు మీద బిగించాం. "రేపు అంకెలు సరిగ్గా రాకపోతే పెట్టెతోపాటు నువ్వూ ఇంటికేనయ్యా" అన్నారు బాసుగారు.

మర్నాడు ఆయన వచ్చేలోగా కొత్త పెట్టెకు పూజ చేశాం. పసుపూ కుంకుమా అయ్యాయి, కొబ్బరికాయ కొట్టాం. అగరుబత్తులు గుచ్చడానికి అరటిపండు లేదు. ఆటో అన్న అటూ ఇటూ చూసి, మూడు బత్తులు వెలిగించి పెట్టెకున్న ఏకైక కన్నంలో గుచ్చాడు. అదే గాలి గొట్టమని పాపం అతనికేం తెలుసు?

మియాపూర్ దారి పట్టాం. బాసుగారి ఒళ్ళో ల్యాప్‌టాప్, పక్కన నేను. అంకెలు పెరిగి పెరిగి తెరలో చోటు చాలలేదు. "ఈ లెక్కన మనం పోయి అరగంటైందయ్యా!" అంటూ ఆయన ముక్కుకు రుమాలు అడ్డుపెట్టుకున్నారు. కాసేపటికి రుమాలు తీసి గాలి పీల్చి, "ఏమయ్యా, సైబరాబాద్ కాలుష్యం మొగలిపువ్వు వాసనేస్తోందేం?" అన్నారు.

ఆటో ఆపించి చూస్తే, బత్తులింకా భక్తిగా వెలుగుతున్నాయి. బాసుగారి చూపు నా మీదికి తిరిగేలోపే ఆటో అన్న ముందుకొచ్చాడు. "గలతీ నాది సారూ. ఈ తమ్మికి ఎర్కలే. కొత్త బండికి గిట్లనే పెడ్తం." నడిరోడ్డు మీద బాసుగారు అతన్ని దులిపేశారు. అతను తలవంచుకుని విన్నాడు. గొట్టం శుభ్రంచేసి మళ్ళీ తిరిగితే అంకెలు బుద్ధిగా వచ్చాయి. నా ఉద్యోగం నిలిచింది.

ఇందులో ఒక్కటే కల్పన. ఆ బత్తులు గుచ్చింది ఆటో అన్న కాదు, ఆ గొట్టానికి బొమ్మ గీసిన నేనే. బాసుగారు వెళ్ళాక "ఎందుకన్నా నీ మీదేసుకున్నావు?" అంటే, "నన్ను తిడ్తే ఏమైతది? నాకు ఇంకో కిరాయి దొర్కుతది. నీ నౌకరీ దొర్కుతదా? ఇగ పరేషాన్ గాకు, నడువు" అన్నాడు. ఇన్నేళ్ళుగా ఈ కథ చెప్పి నవ్వులు నేను మూటగట్టుకుని, తప్పు అతని మీదే ఉంచాను. ఆ రోజు చాయ్ కూడా అతనే తాగించాడు.